అయిదు రోజుల ఆయువు: ప్లేట్‌లెట్ల నిల్వపై పాఠకుల సందేహాలు

వానలు వెనుకపట్టే రోజులలో ఈ శీర్షికకు జ్వరాల గురించిన ఉత్తరాలు ఎక్కువగా వస్తాయి. ఈసారి ఒడిశా సరిహద్దు జిల్లాలలోని తెలుగువారి నుంచి వచ్చిన వాటిలో అయిదు ఉత్తరాలు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. దానం చేసిన రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్లు, అంటే మన పాఠ్యపుస్తకాలు రక్తఫలకికలు అని పిలిచే కణాలు, ఎంతకాలం నిలువ ఉంటాయి, ఎందుకు అంతకు మించి ఉండవు అన్నదే ఆ విషయం. అందుచేత ఈ నెల స్థలమంతా వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాది గుణుపురం. మా అక్క కొడుకుకు డెంగీ జ్వరం వచ్చి ప్లేట్‌లెట్ల సంఖ్య 9 వేలకు పడిపోయింది. చిగుళ్ళ నుంచి రక్తం కారడం మొదలైంది. బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తితే, ఉన్న రెండు ప్యాకెట్లకు నిన్నటితో గడువు తీరిపోయిందని, తీసేశామని చెప్పారు. అదే గదిలో ఎర్రరక్తం సంచులు నెలరోజుల గడువుతో ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఆ రాత్రే కారు మాట్లాడుకుని సరిహద్దు దాటి వెళ్ళి తెచ్చుకున్నాము. పిల్లవాడు బతికాడు. కానీ ఒక్కరోజు తేడాతో దానం చేసిన రక్తాన్ని పారేయడం అన్యాయం కాదా? వాటిని కూడా ఫ్రిజ్‌లో పెట్టి ఉంచవచ్చు కదా?

జవాబు: మీ మేనల్లుడు కోలుకున్నందుకు సంతోషం. గడువు తీరిన ప్యాకెట్టును ఆసుపత్రి వ్యర్థాల పసుపు సంచిలో వేసే చేతులు నావి కూడా. చాలా ఏళ్ళు ఆ పని చేశాను, ఒక్కసారీ తేలిక మనసుతో చేయలేదు. అందుకే మీ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు చెబుతాను.

ఎర్ర కణాలు చలికి ఓర్చుకుంటాయి. 2 నుంచి 6 డిగ్రీల చల్లదనంలో వాటి జీవక్రియ మందగిస్తుంది, కనుక తగిన ద్రావణంలో 35 నుంచి 42 రోజుల దాకా నిలుస్తాయి. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాను మంచులా గడ్డకట్టించి ఏడాదిపాటు దాచవచ్చు. ఒకే మనిషి చేతి నరం నుంచి, ఒకే సూది ద్వారా వచ్చినా ప్లేట్‌లెట్ల స్వభావం మాత్రం వేరు. అవి మన రక్తంలో పళ్ళెం ఆకారంలో, ఎక్కడ గాయమైతే అక్కడ అతుక్కోవడానికి సిద్ధంగా తిరుగుతుంటాయి. చలి తగలగానే ఆ పళ్ళెం ఆకారం పోయి, ముళ్ళు మొలిచిన గుండ్రని ఉండలుగా మారతాయి. వాటి పైపొరలోని కొన్ని ప్రోటీన్లు గుంపులు కడతాయి. అటువంటి ప్లేట్‌లెట్లను రోగికి ఎక్కిస్తే, కాలేయంలోని కణాలు వాటిని పనికిరానివిగా గుర్తుపట్టి, త్వరత్వరగా ఏరి పారేస్తాయి. ఒకప్పుడు వీటిని కూడా ఫ్రిజ్‌లోనే పెట్టేవారు. 1969లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మర్ఫీ, గార్డ్‌నర్ అనే ఇద్దరు వైద్యులు, 22 డిగ్రీల దగ్గర ఉంచినవి రోగి రక్తంలో రోజుల తరబడి నిలుస్తున్నాయనీ, చల్లబరచినవి చాలా ముందుగానే మాయమవుతున్నాయనీ చూపించారు. అప్పటి నుంచి ప్రపంచమంతా సాధారణంగా వీటిని 20 నుంచి 24 డిగ్రీల మధ్యే ఉంచుతోంది.

ఆ ఉష్ణోగ్రతలో ప్లేట్‌లెట్లు నిద్రపోవు. అవి బతికి ఉండి, చక్కెరను తిని, లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతుంటాయి. ప్రాణవాయువు సరిగా అందితే ఆమ్లం తక్కువ పుడుతుంది. అందుకే వాటి సంచిని గాలిని లోపలికి, బయటికి వెళ్ళనిచ్చే ప్రత్యేకమైన ప్లాస్టిక్‌తో తయారుచేస్తారు. ఆ సంచులను పగలూ రాత్రీ మెల్లగా ఊపే అరల మీద ఉంచుతారు. బ్లడ్ బ్యాంకుకు వెళ్ళినప్పుడు, గాజు తలుపు వెనుక ఉయ్యాలలా అటూ ఇటూ కదులుతున్న అరలను మీరు చూసే ఉంటారు. ఆ కదలిక ఎక్కువసేపు ఆగితే గాలి మార్పిడి తగ్గి, ఆమ్లం పేరుకుంటుంది. ఆమ్లం పెరిగినకొద్దీ తగ్గే పీహెచ్ కొలత 6కు దిగువకు జారితే ఆ ప్లేట్‌లెట్లను తిరిగి దారికి తేలేము. బాగున్న సంచిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని మెల్లగా తిప్పితే, ఎండపొడలో నీటి ఆవిరి మెరిసినట్టు లోపల సుడులు తిరుగుతూ మెరుపు కనిపిస్తుంది. అది పళ్ళెం ఆకారం చెడలేదనడానికి గుర్తు. రోజులు గడిచినకొద్దీ ఆ మెరుపు తగ్గుతుంది.

అయినా గడువును అయిదు రోజులకు బిగించింది ఆమ్లం కాదు, సూక్ష్మక్రిములు. రక్తం తీసేటప్పుడు చర్మాన్ని ఎంత శుభ్రం చేసినా, చర్మపు లోపలి పొరలలో ఉండే బాక్టీరియా ఒకటో రెండో సూదితోపాటు సంచిలోకి చేరే అవకాశం ఉంది. ఎర్రరక్తం సంచిలోకి చేరితే అది ఫ్రిజ్ చలిలో పెరగలేక చాలావరకు అణిగిపోతుంది. ప్లేట్‌లెట్ల సంచిలో వెచ్చదనం ఉంది, చక్కెర ఉంది, గాలి ఉంది, ఊపే చెయ్యి కూడా ఉంది. రుబ్బిన పిండిని ఫ్రిజ్‌లో పెడితే రోజుల తరబడి ఆగుతుంది, పొయ్యి పక్కన పెడితే తెల్లారేసరికి పొంగిపోతుంది. ఇదీ అంతే. 1980ల మధ్యలో అమెరికాలో ఈ గడువును 7 రోజులకు పెంచి చూశారు. బాక్టీరియా ఎక్కువైన ప్యాకెట్ల వల్ల రోగులకు తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు వస్తున్నాయని తేలడంతో 1986లో మళ్ళీ 5 రోజులకే తగ్గించారు. మన దేశంలోనూ అనుమతించిన గడువు 5 రోజులే. ఆ అయిదు రోజులలోనూ హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు పూర్తయి, ప్యాకెట్టు ఇవ్వడానికి సిద్ధమయ్యేసరికి కొంత భాగం కరిగిపోతుంది. చివరికి బ్లడ్ బ్యాంకు చేతిలో మిగిలేది మూడు నాలుగు రోజులు మాత్రమే.

చిన్న ఊళ్ళలో ఈ లెక్క మరింత కష్టం. వారం రోజులు ఎవరూ అడగరు, ఎనిమిదో రోజు రాత్రి ముగ్గురికి ఒకేసారి కావలసి వస్తుంది. ఎక్కువ తయారుచేస్తే పారేయాలి, తక్కువ చేస్తే మీలాంటివారు రాత్రివేళ సరిహద్దు దాటాలి. ఆ రెండు ప్యాకెట్లను ఆరో రోజున మీ పిల్లవాడికి ఎక్కించి ఉంటే ఏమీ కాకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. కానీ నెత్తుటిలో ఇన్‌ఫెక్షన్ చేరితే, అప్పటికే డెంగీతో నీరసించిన పసివాడు దాన్ని తట్టుకోలేడు. ఆ ఉద్యోగి చేసినది సరైన పనే. ఆయన మీకు చేయవలసి ఉండి చేయనిది ఒకటుంది. దగ్గరలోని ఏయే కేంద్రాలలో ప్లేట్‌లెట్లు ఉన్నాయో ఈ-రక్తకోశ్ పోర్టల్‌లో చూసి, ఫోను చేసి నిర్ధారించుకుని, మిమ్మల్ని నేరుగా అక్కడికి పంపి ఉండవలసింది.

ప్రశ్న: రాయగడలో నర్సింగ్ చదువుతున్నాను. అమెరికాలో ప్లేట్‌లెట్లను ఫ్రిజ్‌లో 14 రోజులు నిలువ చేయడానికి అనుమతి ఇచ్చారని చదివాను. చలి పనికిరాదని మాకు తరగతిలో చెప్పారు. ఈ రెండూ ఎలా పొసగుతాయి? మన కొండ ప్రాంతాలకు అది ఉపయోగపడుతుందా?

జవాబు: మీరు చదివినది నిజం, మీ తరగతిలో చెప్పినదీ నిజం. చలి ప్లేట్‌లెట్ల ఆయువును తగ్గిస్తుంది గాని, వాటి పనితనాన్ని తగ్గించదు. ఆ ముళ్ళ ఆకారం దాల్చిన ప్లేట్‌లెట్లు ఒక విధంగా ముందే మేల్కొని ఉన్నట్టే. గాయం కనబడగానే గట్టిగా, త్వరగా అతుక్కుంటాయి. ఇక్కడ రోగులను రెండు రకాలుగా విడదీసి చూడాలి. కీమోథెరపీ తీసుకుంటున్న క్యాన్సర్ రోగికి రక్తస్రావం కాకుండా ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తాము. అవి అతని ఒంట్లో కొన్ని రోజులు తిరుగుతూ కాపలా కాయాలి. అతనికి గది ఉష్ణోగ్రతలో ఉంచినవే కావాలి. ప్రసవంలో రక్తం ఆగని తల్లికి, రోడ్డు ప్రమాదంలో గాయపడినవానికి కావలసినది ఈ క్షణాన రక్తం ఆగడం. రేపటికి ఆ ప్లేట్‌లెట్లు మాయమైనా నష్టం లేదు. ఇటువంటి రోగుల కోసమే, చురుకైన రక్తస్రావం ఉన్నప్పుడు, మామూలు ప్లేట్‌లెట్లు దొరకని లేదా వాడడం కుదరని పరిస్థితులలో, 1 నుంచి 6 డిగ్రీల చలిలో ఉంచిన ప్లేట్‌లెట్లను 14 రోజుల వరకు వాడవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది. చలిలో బాక్టీరియా చాలావరకు పెరగదు, ఊపే యంత్రం అవసరం లేదు.

గడువు పెంచడానికి ఇంకా మూడు దారులు ఉన్నాయి. మొదటిది పరీక్ష. ప్యాకెట్టు నుంచి కొంత నమూనా తీసి బాక్టీరియా పెరుగుతుందో లేదో చూసి, లేదని తేలితే 7 రోజుల వరకు ఉంచుకోవడం. ఇది కొన్ని దేశాలలో అమలులో ఉంది. రెండవది శుద్ధి. అమోటోసలెన్ అనే పదార్థాన్ని కలిపి అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేస్తే, బాక్టీరియా, వైరస్‌ల జన్యుపదార్థం ముడిపడిపోయి అవి వృద్ధి చెందలేవు. ప్లేట్‌లెట్లకు జన్యుపదార్థం ఉండే కేంద్రకం లేదు, కనుక వాటి పని పెద్దగా చెడదు. అయితే ఈ ప్రక్రియలో కొన్ని ప్లేట్‌లెట్లు నష్టమవుతాయి, ఖర్చు పెరుగుతుంది. మూడవది గడ్డకట్టించడం. డీఎంఎస్ఓ అనే రక్షక ద్రవాన్ని కలిపి మైనస్ 80 డిగ్రీలలో ఉంచితే, రెండేళ్ళకు పైగా దాచవచ్చు. నెదర్లాండ్స్ సైన్యం ఈ పద్ధతిని యుద్ధరంగ ఆసుపత్రులలో వాడింది. కరిగించాక మిగిలే కణాలు తక్కువ, కరిగిన కొద్ది గంటలలోనే వాడేయాలి. వీటన్నిటికీ తోడు, ప్లాస్మాలో మూడింట రెండు వంతుల చోట అసిటేట్ ఉన్న ప్రత్యేక ద్రావణాన్ని నింపే పద్ధతి కూడా ఉంది. ప్లేట్‌లెట్లు ఆ అసిటేట్‌ను ఇంధనంగా వాడుకుంటూ ఆమ్లాన్ని కొంత అదుపులో ఉంచుకుంటాయి, ప్లాస్మా వల్ల వచ్చే దద్దుర్లు, దురదలు తగ్గుతాయి.

ఇక మీ రెండో ప్రశ్నకు నా అభిప్రాయం చెబుతాను. ఈ పద్ధతులలో మన సరిహద్దు జిల్లాలకు అన్నిటికంటే ఎక్కువ పనికివచ్చేది చలి నిల్వే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఊపే అరలు, నిరంతర విద్యుత్తు, 22 డిగ్రీల గది అన్నీ సమకూర్చడం కంటే, ఇప్పటికే ఉన్న రక్తపు ఫ్రిజ్‌లో ఒక అర కేటాయించడం సులువు. ఘాట్ రోడ్డు దాటి పెద్దాసుపత్రికి చేరేలోగా ప్రాణం పోయే ప్రసవ రక్తస్రావాలకు అది కొండంత అండ. మన దేశంలో అనుమతి, ప్రమాణాలు వచ్చేవరకు మాత్రం ఎవరూ సొంతంగా ఈ ప్రయోగం చేయకూడదు. మీరు ఉద్యోగంలో చేరాక ఏ వార్డులోనైనా ప్లేట్‌లెట్ల ప్యాకెట్టు ఫ్రిజ్‌లో కనిపిస్తే, అది ఎక్కించడానికి పనికిరాదని చెప్పే ధైర్యం మీకు ఉండాలి.

ప్రశ్న: పర్లాకిమిడిలో ఉంటాము. మా మామయ్యగారికి శస్త్రచికిత్స ఉందని శ్రీకాకుళం వైపు నుంచి ప్లేట్‌లెట్లు తెచ్చాము. ఎండకు పాడవుతాయని థర్మకోల్ పెట్టెలో ఐసు ముక్కల మధ్య పెట్టి తెస్తే, ఆసుపత్రివారు తీసుకోలేదు. మళ్ళీ వెళ్ళవలసి వచ్చింది. మా తప్పేమిటి?

జవాబు: మీరు శ్రద్ధతోనే చేశారు. ఇచ్చిన కేంద్రంలోని వారు ఒక్క మాట చెప్పి ఉంటే ఈ శ్రమ తప్పేది. మొదటి జవాబులో రాసినట్టు ప్లేట్‌లెట్లకు చలి తగలకూడదు, అందుకే ఆసుపత్రివారు తిరస్కరించారు. థర్మకోల్ పెట్టె మంచిదే, ఐసు మాత్రం వద్దు. ఏసీ గదిలో కాసేపు ఉంచి చల్లబరచిన పెట్టెలో, ప్యాకెట్టును కాగితంలోనో గుడ్డలోనో చుట్టి పరుచుకునేలా పెట్టి, మూత వేసి, దారిలో ఎక్కడా ఆగకుండా తీసుకురావాలి. కారు డిక్కీలో, ఎండ పడే సీటు మీద, బస్సు ఇంజిను పక్కన ఉంచకూడదు. ఊపడం ఆగినా ప్రయాణపు గంటలలో ప్రమాదం లేదు. మీరు ఎర్రరక్తం కూడా తెస్తుంటే దానికి ఐసు ఉన్న వేరే పెట్టె పెట్టండి. రెండింటినీ ఒకే పెట్టెలో సర్దడం నేను చూసిన పొరపాట్లలో తరచుగా జరిగేది. ఆసుపత్రి చేరాక ఫ్రిజ్‌లో పెట్టనీయకుండా, వెంటనే ఎక్కించమని నర్సుగారిని అడగండి.

ప్రశ్న: బరంపురం నుంచి రాస్తున్నాను. మా అమ్మగారికి డెంగీ. సంఖ్య 40 వేలు. రక్తస్రావం ఏమీ లేదు. ప్లేట్‌లెట్లు ఎక్కించమని ఎంత బతిమాలినా డాక్టరుగారు ఒప్పుకోలేదు. ముందే ఎక్కిస్తే నష్టమా?

జవాబు: ఒప్పుకోని డాక్టరుగారికి కృతజ్ఞత చెప్పండి. డెంగీలో రక్తస్రావం లేకుండా ఉంటే, సాధారణంగా సంఖ్య 10 వేలకు దిగువకు పడినప్పుడే ఎక్కించే ఆలోచన చేస్తారు. 40 వేల దగ్గర ఎక్కించినవి, జ్వరం ఉధృతంగా ఉన్న ఒంట్లో అమ్మగారి సొంత ప్లేట్‌లెట్లలాగే నశిస్తాయి. పైపెచ్చు చలి, దద్దుర్లు, ఊపిరితిత్తులలో నీరు చేరడం వంటి ఇబ్బందులు రావచ్చు. మీరు గమనించవలసినవి కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత, చేతులు కాళ్ళు చల్లబడడం, మూత్రం తగ్గడం, ఎక్కడి నుంచైనా రక్తం రావడం. జ్వరం తగ్గిన తరువాతి ఒకటి రెండు రోజులే ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసిన రోజులు. అవసరం లేకుండా వాడిన ప్రతి ప్యాకెట్టూ, ఆ అయిదు రోజులలోనే చిగుళ్ళ నుంచి రక్తం కారుతున్న మరొకరికి అందకుండా పోతుంది.

ప్రశ్న: మల్కన్‌గిరి జిల్లాలో మా తెలుగు కుర్రాళ్ళ సంఘం ఏటా సంక్రాంతికి రక్తదాన శిబిరం పెడుతుంది. ముప్పై మందిమి ఇస్తాము. శిబిరంలో ఇచ్చిన రక్తం నుంచి ప్లేట్‌లెట్లు ఏవీ తీయలేదని ఈసారి తెలిసి నిరుత్సాహపడ్డాము. మేము ఏం చేస్తే బాగుంటుంది?

జవాబు: మీ రక్తం వృథా కాలేదు. ఎర్ర కణాలుగా అది ఎవరికో అంది ఉంటుంది. సికిల్ సెల్ వ్యాధి ఎక్కువగా ఉన్న మీ ప్రాంతంలో వాటి అవసరం ఎంతో ఉంది. ప్లేట్‌లెట్లు తీయకపోవడానికి కారణం కాలం. సేకరించిన రక్తాన్ని చల్లబరచకుండా, 6 గంటలలోపు వేరుచేసే యంత్రం ఉన్న కేంద్రానికి చేర్చితేనే ప్లేట్‌లెట్లు తీయవచ్చు. ఉదయం తొమ్మిదికి తీసిన సంచి, శిబిరం ముగిసి, ఘాట్ దిగి, కేంద్రానికి చేరేసరికి ఆ గంటలు దాటిపోతాయి. ఇంకొక విషయం కూడా ఆలోచించండి. సంక్రాంతినాడు ముప్పై మంది ఇచ్చిన రక్తం నుంచి ముప్పై ప్లేట్‌లెట్ల ప్యాకెట్లు తీసినా, ఆ ముప్పైకీ ఒకేరోజు గడువు తీరుతుంది. జనవరిలో అడిగేవారు తక్కువ. ఆగస్టు నుంచి నవంబరు దాకా, జ్వరాల కాలంలో, అడిగేవారు ఎక్కువ.

కాబట్టి మీ ముప్పై మందిని ఒకే రోజుకు కట్టేయకండి. పదిమంది సంక్రాంతికి మామూలు రక్తదానం చేయండి. మిగిలినవారు ఒక్కరి నుంచే నేరుగా ప్లేట్‌లెట్లు మాత్రమే తీసుకునే యంత్రం ఉన్న పెద్ద కేంద్రంలో పేర్లు నమోదు చేసుకోండి. ఈ యంత్రం చేతి నుంచి రక్తాన్ని తీసుకుని, ప్లేట్‌లెట్లను వేరుచేసి, మిగతా రక్తాన్ని తిరిగి మీ ఒంట్లోకి పంపుతుంది. గంట నుంచి గంటన్నర పడుతుంది. పెదవుల దగ్గర చీమలు పాకినట్టు అనిపిస్తే సిబ్బందికి చెప్పండి. గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల కాల్షియం తగ్గినందుకు వచ్చేది అది. యంత్రపు వేగం తగ్గిస్తే పోతుంది. మామూలు సంచి నుంచి తీసిన ఒక్క ప్యాకెట్టు పెద్దవారిలో సంఖ్యను 5 నుంచి 10 వేలు పెంచితే, ఇలా ఒక్కరు ఇచ్చినది 30 నుంచి 60 వేల దాకా పెంచుతుంది. మన ఎముక మజ్జ రోజుకు సుమారు పదివేల కోట్ల ప్లేట్‌లెట్లను తయారుచేస్తుంది, కనుక మీరు ఇచ్చినవి రెండు మూడు రోజులలో తిరిగి తయారవుతాయి. 48 గంటల విరామం ఉండాలి. వారానికి రెండుసార్లకు, ఏడాదికి 24 సార్లకు మించకూడదు. ఏ యంత్రం నిలువ చేయలేని ప్లేట్‌లెట్లు, ఊళ్ళో తిరుగుతున్న ఆరోగ్యవంతుని ఒంట్లో ఎప్పటికప్పుడు తాజాగా నిలువ ఉంటాయి. ఫోను చేయగానే వచ్చే పదిమంది ఉన్న జాబితా, నా దృష్టిలో, ఒక యంత్రం విలువ చేస్తుంది.

జాబితా రాసేటప్పుడు ఒక్కొక్కరి రక్తవర్గంతోపాటు కొన్ని వివరాలు అడగండి. వయసు 18 నుంచి 60 మధ్య, ప్లేట్‌లెట్ల సంఖ్య లక్షన్నరకు పైన ఉండాలి. గత 3 రోజులలో ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు. మీ ప్రాంతంలో ముఖ్యంగా అడగవలసినది మలేరియా గురించి. అది పూర్తిగా తగ్గిన 3 నెలల వరకు రక్తం ఇవ్వకూడదు. డెంగీ అయితే 6 నెలలు, జాతరలో పచ్చబొట్టు పొడిపించుకుని ఉంటే 12 నెలలు ఆగాలి. దాతల ప్రశ్నపత్రం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటే, చదవలేని పెద్దలు వరుసగా 'లేదు' అని గుర్తు పెట్టేస్తారు. మీలో ఇద్దరు పక్కన కూర్చుని ప్రతి ప్రశ్ననూ తెలుగులో చదివి వినిపించండి. ఈ వివరాలన్నీ శిబిరం రోజు వరకు ఆగకుండా ఇప్పుడే అడిగి పుస్తకంలో రాసిపెట్టుకుంటే, జ్వరాల కాలంలో అర్ధరాత్రి ఫోను వచ్చినప్పుడు ఎవరిని లేపాలో మీకు తెలిసి ఉంటుంది.